కురిసిన వాన లెక్కతో ఎదిగిన కంపెనీ

2008 ఖరీఫ్‌లో మా నాయిన మూడెకరాల చెల్కలో వేరుశనగ వేశారు. పాలమూరు జిల్లాలోని మా ఊరి నేలలన్నీ ఎర్ర చెల్కలే. వాన వెలిసిన నాలుగో రోజుకే పైతేమ ఆరిపోతుంది, పది రోజులు మబ్బు మొహం చాటేస్తే మొక్క తల వాలుస్తుంది. ఆ ఏడాది తొలకరికి విత్తనం పడింది, మొలక బాగానే వచ్చింది, కానీ పూత దశకు చేరేసరికి వరుసగా 26 రోజులు చినుకు లేదు. అప్పటికే మా ఇంట్లో ఊరూరా తిరిగి అమ్మిన వర్షాధార బీమా పాలసీ ఒకటి ఉంది. వాన పడకపోతే డబ్బు వస్తుందన్నది దాని సారాంశం. వాన పడలేదు, డబ్బూ రాలేదు. ఆ పాలసీకి ఆధారమైన వర్షమాపకం మా ఊరికి 22 కిలోమీటర్ల దూరంలో పట్నంలో ఉంది. జూలై చివర్లో ఒక సాయంత్రం అక్కడ గంటన్నర పాటు దంచికొట్టిన వాన ఆ దశ మొత్తం లెక్కను పరిహారపు గీత దాటించేసింది. ఆ సాయంత్రం మా చేను దగ్గర ఉరుములు వినిపించాయి, అంతే.

"ఆడ పడ్డ వాన ఈడ పడ్డట్టు ఎట్లయితది బిడ్డా?" అని నాయిన నన్ను అడిగారు. నేను అప్పుడు ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదువుతున్నాను, చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు. తర్వాత కొన్నేళ్లకు వాతావరణ కేంద్రాలను నెలకొల్పి మరమ్మతు చేసే పనిలో చేరి, తెలంగాణలోనూ మహారాష్ట్రలోని మరాఠ్వాడాలోనూ ఐదేళ్లు తిరిగాను. ఆ తిరుగుడులో మన దేశంలోని వాణిజ్య వాతావరణ సంస్థలను, ముఖ్యంగా స్కైమెట్‌ను దగ్గరగా గమనించే అవకాశం దొరికింది. ఆ కంపెనీలో నేను పనిచేయలేదు. దాని ఎదుగుదలను గమనించిన కొద్దీ నాయిన ప్రశ్నకు జవాబు అందులోనే కొంత ఉందని అనిపిస్తూ వచ్చింది కాబట్టి ఈ వ్యాసం రాస్తున్నాను.

స్కైమెట్ అనగానే చాలామందికి గుర్తుకు వచ్చేది ఏప్రిల్ నెలలో పత్రికల మొదటి పేజీలో కనిపించే వార్త: ఈ ఏడాది నైరుతి రుతుపవనాలు దీర్ఘకాలిక సగటులో ఇంత శాతం ఉంటాయని ఆ కంపెనీ చెప్పిన అంచనా. దేశంలో దాని పేరు పాకింది ఆ వార్త వల్లనే. అయితే రాబోయే వానను ముందుగా చెప్పడం కన్నా, కురిసిపోయిన వానను పొలానికి దగ్గరగా నిలబడి కొలవడం వల్లనే అది ఎక్కువగా ఎదిగిందని నా అభిప్రాయం. ముందస్తు అంచనా దానికి పేరు తెచ్చింది, కొలత దానికి పని తెచ్చింది.

జతిన్ సింగ్ 2003లో ఈ సంస్థను స్థాపించారు. దాని ప్రధాన కార్యాలయం ఢిల్లీ పక్కనున్న నోయిడాలో ఉంది. 1875లో ఏర్పడిన భారత వాతావరణ శాఖ అప్పటికి శతాబ్దంపైగా ఈ రంగాన్ని ఒంటరిగా నడిపింది కాబట్టి, వాతావరణ సమాచారాన్ని డబ్బిచ్చి కొనవలసి వస్తుందన్న ఆలోచనే మన దేశంలో కొత్త. తొలి ఖాతాదారులు పత్రికలు, టీవీ చానళ్లు. పాఠకుడికి రోజూ కావలసిన నగరాల ఉష్ణోగ్రతల పట్టిక, మబ్బుల పటం, నాలుగు వాక్యాల వివరణ సిద్ధం చేసి ఇవ్వడం అప్పటి వ్యాపారం. ఆ తర్వాత విద్యుత్ పంపిణీ సంస్థలు వచ్చాయి. మే నెల సాయంత్రం ఒక గాలివాన వస్తే నగరంలో ఏసీల వాడకం ఒక్కసారిగా పడిపోతుంది, ఆ సంగతి మూడు గంటల ముందు తెలిస్తే కొనవలసిన కరెంటును తగ్గించుకోవచ్చు. వాయుసేన వాతావరణ విభాగంలో పనిచేసి ఎయిర్ వైస్ మార్షల్ హోదాలో పదవీ విరమణ చేసిన జీ.పీ. శర్మ వంటివారు సంస్థలోకి రావడం దాని మాటకు బరువు తెచ్చింది. పెట్టుబడిదారుల వరుస చూసినా దాని దారి అర్థమవుతుంది. వ్యవసాయ రంగపు కంపెనీలలో పెట్టుబడి పెట్టే ఓమ్నివోర్, బ్రిటన్‌కు చెందిన పత్రికా సంస్థ డెయిలీ మెయిల్ అండ్ జనరల్ ట్రస్ట్, వాతావరణ విపత్తుల బీమా కోసమే ఏర్పడిన ఇన్సురెజిలియన్స్ నిధి ఇందులో డబ్బు పెట్టాయి. వ్యవసాయం, సమాచారం, బీమా అనే మూడు వైపుల నుంచీ పెట్టుబడి వచ్చిందన్నమాట.

ఆ కంపెనీ పుట్టిన 2003లోనే దేశంలో తొలి వర్షాధార పంట బీమా మా పాలమూరు జిల్లాలో మొదలైందని చాలామందికి తెలియదు. బేసిక్స్ అనే గ్రామీణ రుణ సంస్థ, ఐసీఐసీఐ లాంబార్డ్ అనే బీమా కంపెనీ కలిసి, ప్రపంచ బ్యాంకు సాంకేతిక సాయంతో వేరుశనగ, ఆముదం సాగుచేసే రెండు వందల పైచిలుకు రైతులకు ఆ పాలసీలు ఇచ్చాయి. అంతకుముందు పంట బీమా అంటే పంటకోత ప్రయోగాలు చేసి, అంటే ఎంచుకున్న కొన్ని చేలలో పంట కోసి తూచి, మండలం మొత్తానికి సగటు దిగుబడి కట్టి, ఏడాది తర్వాతో రెండేళ్ల తర్వాతో పరిహారం ఇవ్వడమే. కొత్త పద్ధతిలో పంటను ఎవరూ చూడనక్కరలేదు, వర్షమాపకం చెప్పిన అంకె చాలు. పంటకాలాన్ని విత్తడం, పూత-ఊడ దశ, కోత అని మూడు భాగాలు చేసి, మొదటి రెండింటిలో వాన నిర్ణీత గీత కన్నా తగ్గితే, మూడోదానిలో మితిమీరితే పరిహారం లెక్కకట్టేవారు. రోజుకు 2 మిల్లీమీటర్ల లోపు పడితే అది లెక్కలోకి రాదు, 60 మిల్లీమీటర్లు దాటితే పైది లెక్కలోకి రాదు. ఈ నియమాలు రాసినవారికి నేల సంగతి తెలుసునని నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను, ఎందుకంటే రెండు మిల్లీమీటర్ల జల్లు మా చెల్కలో దుమ్మును అణచడానికి కూడా చాలదు.

చిక్కు అంతా దూరంలో ఉంది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు తెలంగాణలో కురిసే వానల్లో అల్పపీడనం తెచ్చే ముసురు నాలుగు జిల్లాల మీద ఒకేలా పడుతుంది గానీ, సాయంత్రపు ఉరుముల వాన అలా పడదు. ఎద్దు ఒక కొమ్ము తడిసి ఇంకో కొమ్ము ఎండిందని మా వైపు అనేది అలాంటి వాన గురించే. ఐదారు కిలోమీటర్ల వెడల్పున్న ఒక మబ్బు కదిలిపోయిన దారిలో ఉన్న ఊరికి 50 మిల్లీమీటర్లు, దాని పక్క ఊరికి సున్నా రావడం ఇక్కడ మామూలు. అలాంటప్పుడు 20, 25 కిలోమీటర్ల దూరంలోని మాపకం మీద బీమా ఆధారపడితే, ఎండిన రైతుకు పరిహారం రాకపోవచ్చు, తడిసిన రైతుకు రావచ్చు. బీమావాళ్లు దీన్ని బేసిస్ రిస్క్ అంటారు. బీమా కంపెనీలకూ దీనివల్ల నష్టమే. ఒకసారి మోసపోయాననుకున్న రైతు మరుసటి ఏడాది పాలసీ కొనడు, మా నాయిన కొననట్టే. కాబట్టి పొలానికి దగ్గరగా, మనిషి ప్రమేయం లేకుండా, రోజూ అంకెలు పంపే మాపకాలు ఎవరైనా పెట్టి చూపితే కొనడానికి బీమా కంపెనీలు సిద్ధంగా ఉన్నాయి. వాతావరణ శాఖ కేంద్రాలు విమానయానం, తుపానులు, దేశవ్యాప్త సగటుల వంటి అవసరాల కోసం ఏర్పడినవి కాబట్టి ప్రతి పది కిలోమీటర్లకూ ఒకటి ఉండే అవకాశం అప్పట్లో లేదు. స్కైమెట్ ఆ ఖాళీలోకి వెళ్లి, రాష్ట్రం తరువాత రాష్ట్రంలో తన సొంత ఆటోమేటిక్ కేంద్రాలను వేల సంఖ్యలో నిలబెట్టుకుంటూ పోయింది.

ఆ కేంద్రం చూడడానికి గొప్పగా ఏమీ ఉండదు. పాఠశాల ఆవరణలోనో, పంచాయతీ కార్యాలయం వెనకనో, ఎవరిదో బీడులోనో ముళ్లకంచె లోపల ఒక ఇనుప స్తంభం, దాని మీద గాలి వేగం చెప్పే మూడు గిన్నెల చక్రం, ఉష్ణోగ్రత-తేమ కొలిచే పరికరాన్ని ఎండ నుంచి కాపాడే తెల్లని పళ్లేల దొంతర, చిన్న సోలార్ పలక, తాళం వేసిన డబ్బాలో బ్యాటరీ, అంకెలను నమోదు చేసి పంపే, సిమ్ కార్డు ఉన్న డేటా లాగర్ ఉంటాయి. కొంచెం పక్కన వర్షమాపకం ఉంటుంది. 20 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గరాటు కింద, త్రాసులాగా అటూ ఇటూ తూగే రెండు చిన్న దొన్నెలు ఉంటాయి. వాననీరు ఒక దొన్నెలోకి దిగి, 0.2 మిల్లీమీటర్ల వానకు సమానమైనంత చేరగానే, అంటే సుమారు 6.28 మిల్లీలీటర్లు, టీ చెంచాకు కాస్త ఎక్కువ, ఆ బరువుకు దొన్నె వంగి నీటిని పారబోస్తుంది, రెండో దొన్నె గరాటు కిందికి వస్తుంది. వంగిన ప్రతిసారీ దానికి అతికించిన చిన్న అయస్కాంతం ఒక స్విచ్‌ను దాటుతుంది, లాగర్ ఒకటి లెక్కపెడుతుంది. టక్, టక్ అనే ఆ చప్పుడు గట్టివానలో ఆగకుండా వినిపిస్తుంది. లక్షల రూపాయల పరిహారం చివరికి ఆ టక్కుల మీద నిలబడి ఉంటుంది.

దాన్ని సరిచూడడం నా పనిలో భాగం. 628 మిల్లీలీటర్ల నీటిని సీసాలో కొలిచి తీసుకుని, సన్నని గొట్టం ద్వారా చాలా నెమ్మదిగా గరాటులోకి వదలాలి, 100 టక్కులు రావాలి. 97 వచ్చినా 104 వచ్చినా దొన్నెల కింది మరలను తిప్పి సర్దాలి. నీళ్లు వేగంగా వదిలితే లెక్క తగ్గుతుంది, ఎందుకంటే దొన్నె వంగే ఆ అరక్షణంలో పడిన నీరు లెక్కలోకి రాదు. జడివానలో కూడా ఇదే జరుగుతుంది, కాబట్టి కుంభవృష్టిని ఈ మాపకాలు కాస్త తక్కువగానే చెబుతాయి. ఒకసారి మరాఠ్వాడాలో ఒక కేంద్రం జూలై నెలలో 19 రోజులు సున్నా పంపింది. చుట్టుపక్కల కేంద్రాలన్నీ వాన చూపిస్తున్నాయి. వెళ్లి మూత తీస్తే గరాటు మెడలో కందిరీగలు మట్టితో గూడు కట్టుకున్నాయి, పైన గరాటు నిండా నీరు నిలిచి, వేపాకులు కుళ్లుతున్నాయి. ఆ 19 రోజుల అంకెలను సరిదిద్దకుండా ఎవరైనా వాడి ఉంటే ఆ ఊళ్లో వాన పడుతుండగానే కాగితం మీద కరవు వచ్చేది. దీనికి వ్యతిరేకంగా, స్తంభం బిగువు తగ్గి గాలికి ఊగినప్పుడు దొన్నెలు వాటంతట అవే కదిలి లేని వానను లెక్కవేసిన కేంద్రాలనూ చూశాను. పక్కన నాటిన వేపచెట్టు నాలుగేళ్లలో గుబురుగా పెరిగి సగం వానను ఆపేయడం ఇంకా మామూలు. కేంద్రాన్ని నిలబెట్టడానికి ఒక రోజు పడుతుంది. పది సంవత్సరాలు దానిచేత నిజం చెప్పించడానికి నెలనెలా మనిషి వెళ్లాలి, ఆ మనిషి జీతం, బైకు పెట్రోలు, కొత్త బ్యాటరీలు ఎవరో భరించాలి. ఈ వ్యాపారంలో అసలు ఖర్చు ఇక్కడ ఉంది.

2016 ఖరీఫ్ నుంచి అమలైన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన ఈ కొలతల గిరాకీని ఒక్కసారిగా పెంచింది. ఖరీఫ్ ఆహారధాన్యాలు, నూనెగింజలకు 2 శాతం, యాసంగికి 1.5 శాతం, వాణిజ్య, ఉద్యాన పంటలకు 5 శాతం ప్రీమియం రైతు కట్టగా, మిగిలినది ప్రభుత్వాలు భరిస్తాయి. ఈ పథకంలో అసలు పరిహారం పంటకోత ప్రయోగాల మీదనే ఆధారపడినా, విత్తడమే సాధ్యంకాని పరిస్థితి వంటివాటిని నిర్ధారించడానికి వాన లెక్కలు కావాలి. దీనితోపాటు నడిచే వాతావరణ ఆధారిత బీమా పథకమైతే పూర్తిగా వాన, ఉష్ణోగ్రతల అంకెల మీదనే నడుస్తుంది. మరుసటి ఏడాది, అంటే 2017లో, మహారాష్ట్ర ప్రభుత్వం మహావేధ్ అనే పేరుతో ప్రతి రెవెన్యూ సర్కిల్‌కు, అంటే కొన్ని ఊళ్ల సముదాయానికి, ఒకటి చొప్పున రెండు వేలకు పైగా కేంద్రాలు నెలకొల్పే పనిని స్కైమెట్‌కు ఇచ్చింది. స్థలం ప్రభుత్వానిది, పెట్టుబడి, యాజమాన్యం, నిర్వహణ కంపెనీవి. అందుకు బదులుగా ఆ అంకెలను బీమా సంస్థల వంటి ఖాతాదారులకు అమ్ముకునే హక్కు కంపెనీకి దక్కింది. ఏప్రిల్ అంచనాలు పది సరిగా చెప్పినా ఇంతటి స్థిరమైన ఆదాయం వచ్చేది కాదు.

ఆ ఏప్రిల్ అంచనాల చరిత్ర కూడా నా వాదనకే బలం. 2012 నుంచి స్కైమెట్ రుతుపవనాల అంచనాలు వెలువరిస్తోంది. 2015లో దీర్ఘకాలిక సగటులో 102 శాతం వాన వస్తుందని చెప్పింది. వాతావరణ శాఖ ముందు 93 శాతమని, జూన్‌లో దాన్ని తగ్గించి 88 శాతమని చెప్పింది. చివరికి 86 శాతం కురిసింది, దేశం వరుసగా రెండో ఏడు కరవు చూసింది. 2019లో స్కైమెట్ 93 శాతమన్నది, వాతావరణ శాఖ 96 అన్నది, ఇద్దరి మాటనూ దాటి 110 శాతం కురిసింది. 2023లో స్కైమెట్ చెప్పిన 94 శాతం అక్షరాలా నిజమైంది. వీటిని ముందు పెట్టుకుని ఎవరినీ తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. మన రుతుపవనాలను ప్రభావితం చేసే పసిఫిక్ మహాసముద్రపు ఉష్ణోగ్రతలు ఏ వైపు మళ్లుతాయో వసంతకాలంలో చెప్పడం ప్రపంచంలో ఎవరికైనా కష్టమే, ఆ ఋతువులో అంచనా వేసే కంప్యూటర్ నమూనాలకు చూపు మందగిస్తుందని శాస్త్రవేత్తలే అంటారు. పైగా దేశం మొత్తం సగటు నిజమైనంత మాత్రాన మా మూడెకరాలకు దానివల్ల ఒరిగేది లేదు. 2009 సంగతి పాలమూరు, కర్నూలు ప్రాంతాలవారికి గుర్తుండే ఉంటుంది. దేశవ్యాప్తంగా 22 శాతం లోటు ఉన్న ఆ కరవు ఏడాదిలోనే అక్టోబరు మొదటి వారంలో తుంగభద్ర, కృష్ణ పొంగి కర్నూలును, అలంపూరును ముంచాయి.

2018లో మరో చిన్న వివాదం నడిచింది. కేరళకు రుతుపవనాలు మే 28న వచ్చాయని స్కైమెట్ ప్రకటించింది, 29న వచ్చాయని వాతావరణ శాఖ ప్రకటించింది. ఒక్క రోజు తేడాకు అంత చర్చ ఎందుకని అప్పట్లో చాలామంది అనుకున్నారు. నాకు మాత్రం ఆ చర్చ మంచిదే అనిపించింది, ఎందుకంటే ఆ ప్రకటన వెనక నియమాలుంటాయని సామాన్యులకు తొలిసారి తెలిసింది. మినికాయ్, తిరువనంతపురం నుంచి మంగళూరు వరకు 14 కేంద్రాలను ఎంచుకుని, మే 10 తర్వాత వాటిలో 60 శాతం కేంద్రాలు వరుసగా రెండు రోజులు 2.5 మిల్లీమీటర్లకు తక్కువ కాకుండా వాన చూపితే, దానితోపాటు పడమటి గాలుల లోతు, వేగం, భూమి నుంచి అంతరిక్షంలోకి పోయే వేడి కూడా నిర్ణీత హద్దుల్లో ఉంటే రుతుపవనాలు వచ్చాయని చెబుతారు. అక్కడ కూడా చివరికి లెక్కలోకి వచ్చేది ఎవరో ఒకరు మాపకంలో చూసిన అంకే.

బీమా కాక ఈ కంపెనీలకు మరో పెద్ద ఖాతాదారు గాలి, సౌర విద్యుత్ రంగం. కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి 2015లో ఒక విధానం తెచ్చింది, ఆంధ్రప్రదేశ్ 2017లో, తెలంగాణ 2018లో తమ నిబంధనలు చేసుకున్నాయి. వాటి ప్రకారం సౌర, పవన విద్యుత్ కేంద్రాలు మరునాడు ఎంత కరెంటు ఇస్తాయో 15 నిమిషాలకొకటి చొప్పున రోజుకు 96 అంకెలు ముందే రాసివ్వాలి, హద్దు దాటి తేడా వస్తే జరిమానా కట్టాలి. కర్నూలు జిల్లా ఓర్వకల్లు వైపు ఒక సౌర కేంద్రంలో పనిచేసే నా స్నేహితుడు ఆగస్టు నెలలో మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు వరకు తెర ముందు నుంచి లేవడు. ఒక తెల్లని మబ్బు పలకల మీదుగా జరిగిపోయే ఎనిమిది నిమిషాల్లో ఉత్పత్తి సగానికి పడిపోయి మళ్లీ లేస్తుంది. ఇక్కడ నిజంగానే ముందుచూపుకు డబ్బు ఉంది, కానీ ఆ ముందుచూపు కూడా ఆ కేంద్రపు సొంత కొలతలతో రోజూ సరిదిద్దకపోతే నాలుగు రోజుల్లో చెడిపోతుందని అతను అంటాడు.

వాణిజ్య సంస్థల గొప్పదనం గురించి రాసేటప్పుడు వాటి పునాది ఎవరు వేశారో మరచిపోకూడదు. ఉపగ్రహాలు, రాడార్లు, ప్రతి రోజూ ఆకాశంలోకి వదిలే బెలూన్లు, భూగోళం మొత్తానికి లెక్కలు కట్టే కంప్యూటర్లు, ఇవన్నీ ప్రజల పన్నులతో నడుస్తాయి. మన ఇన్‌శాట్ ఉపగ్రహాలు, అమెరికా ప్రభుత్వం ఉచితంగా అందించే జీఎఫ్ఎస్ అనే ప్రపంచ వాతావరణ నమూనా ఫలితాలు లేకుండా ఏ కంపెనీకీ ఉదయపు పటం గీయడం సాధ్యం కాదు. అమెరికాలో జోయెల్ మైయర్స్ 1962లో పెన్సిల్వేనియాలో అక్యూవెదర్‌ను మొదలుపెట్టినప్పుడు తొలి ఖాతాదారు ఒక గ్యాస్ సరఫరా కంపెనీ. చలి ఎంత ఉంటుందో తెలిస్తే గ్యాస్ ఎంత కావాలో తెలుస్తుంది కాబట్టి అది డబ్బిచ్చి కొన్నది. నాలుగు దశాబ్దాల తర్వాత, 2005లో, ప్రైవేటు కంపెనీలు అమ్మగలిగే సేవలను ప్రభుత్వ వాతావరణ సంస్థ ప్రజలకు నేరుగా ఇవ్వకూడదనే బిల్లును పెన్సిల్వేనియా సెనేటర్ రిక్ సాంటోరమ్ ప్రవేశపెట్టారు. అది చట్టం కాలేదు, కాకపోవడమే మేలైంది. తుపాను హెచ్చరికకు ధర కట్టే రోజు మన దగ్గర ఎన్నడూ రాకూడదని నేను గట్టిగా కోరుకుంటాను.

గత రెండు మూడేళ్లుగా కృత్రిమ మేధ ఈ రంగాన్ని మార్చేస్తోంది. గూగుల్ డీప్‌మైండ్ 2023లో వెల్లడించిన గ్రాఫ్‌కాస్ట్ నమూనా, యూరప్ వాతావరణ అంచనాల కేంద్రం తయారుచేసిన దాదాపు నాలుగు దశాబ్దాల పాత రికార్డుల నుంచి నేర్చుకుని, పది రోజుల అంచనాను ఒక్క యంత్రం మీద నిమిషం లోపే ఇస్తుంది. ఇంతకాలం దీనికి పెద్ద సూపర్ కంప్యూటర్ మీద గంటలు పట్టేది. అంచనా వేయడం ఇంత చవకైనప్పుడు, అంచనాను మాత్రమే అమ్మే కంపెనీకి రేపు గిట్టుబాటు కష్టం. కందిరీగల గూడు తీసి, మర సర్ది, 628 మిల్లీలీటర్లు పోసి 100 టక్కులు లెక్కపెట్టే పని మాత్రం చవక కాలేదు, ఆ యంత్రం నేర్చుకోవడానికైనా ఎవరో కొలిచిన అంకె కావాలి. స్కైమెట్ వంటి సంస్థల దగ్గర పేరుకుపోయిన పదేళ్ల మండల స్థాయి రికార్డులకు విలువ ఇక ముందు పెరుగుతుంది.

నన్ను కలవరపెట్టే విషయం ఒకటి ఇక్కడే ఉంది. రైతుకు పరిహారం రావాలో వద్దో తేల్చే అంకెను కొలిచేది ఒక ప్రైవేటు కంపెనీ, ఆ అంకెను కొనేది పరిహారం చెల్లించవలసిన బీమా కంపెనీ. ఎవరూ తప్పు చేయకపోయినా, తన ఊరి మాపకం నిన్న ఏం చెప్పిందో రైతు ఈరోజు చూసుకోలేకపోతే ఆ ఏర్పాటులో న్యాయం లేదు. ఈ విషయంలో తెలంగాణ రాష్ట్ర అభివృద్ధి ప్రణాళికా సంఘం నడిపే వెయ్యికి పైగా కేంద్రాలను నేను ఎప్పుడూ ఉదాహరణగా చెబుతాను. మండలాల వారీగా వాన, ఎండ అంకెలను అది రోజూ అందరికీ కనబడేలా పెడుతుంది. రాష్ట్రం 2020లో ఫసల్ బీమా నుంచి బయటికి వచ్చినా ఆ కేంద్రాలు పనిచేస్తూనే ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వం 2023లో మొదలుపెట్టిన విండ్స్ కార్యక్రమం ప్రతి గ్రామ పంచాయతీకి ఒక వర్షమాపకాన్ని లక్ష్యంగా పెట్టుకుంది. అందులో ప్రైవేటు కంపెనీలకు పని దొరుకుతుంది, దొరకాలి కూడా, ఎందుకంటే వేల కేంద్రాలను పదేళ్లు నడిపిన అనుభవం వారి దగ్గరే ఉంది. ఆ ఒప్పందాల్లో ప్రతి రోజు అంకెనూ పంచాయతీ గోడ మీద రాయాలనే షరతు ఒకటి చేర్చాలని నా కోరిక.

మా ఊరికి ఇప్పుడు దగ్గరలో ఉన్న కేంద్రం మండల కేంద్రంలో, 9 కిలోమీటర్ల దూరంలో ఉంది. 22 నుంచి 9కి వచ్చామని నేను నాయినతో అంటే ఆయన నవ్వి ఊరుకున్నారు. కిందటేడు మిరుగు, అంటే మృగశిర కార్తె, ప్రవేశించిన మూడో రోజు రాత్రి వాన పడింది. తెల్లవారి ఫోనులో చూసి మండలంలో 31 మిల్లీమీటర్లు పడిందని చెప్పాను. నాయిన పార తీసుకుని చేన్లోకి వెళ్లి ఒక చోట తవ్వి, చేయి పెట్టి చూసి, "బెత్తెడు మించలె, ఇత్తనాలకు చాలది" అన్నారు. 31 మిల్లీమీటర్లు పడితే మా చెల్కలో జానెడు లోతు వరకు పదును దిగాలి. ఆ వారమే నేను హైదరాబాదు నుంచి చేతితో కొలిచే చిన్న వర్షమాపకం ఒకటి కొని తెచ్చి, చేను నడుమ, బావి దగ్గరి చెట్టుకు దూరంగా, కర్ర పాతి బిగించాను. వాతావరణ శాఖ పద్ధతిలోనే పొద్దున ఎనిమిదిన్నరకు నాయిన దాన్ని చూసి, నీళ్లు పారబోసి, పాత లెక్కల పుస్తకంలో రాస్తారు. పుస్తకంలో మూడు గళ్లు ఉన్నాయి: చేన్లో ఎంత, మండలంలో ఎంత, పదును ఎంత లోతు. మిరుగు నుంచి ఉత్తర కార్తె వరకు వాన పడిన రోజులు 38 రాశారు. వాటిలో 11 రోజులు మొదటి రెండు అంకెల మధ్య తేడా పది మిల్లీమీటర్లు దాటింది.